‘డాష్ అయింది’

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “ఆంటీ, నాకు కోర్టుల ట్రాన్స్‌లేటర్ పోస్టు వచ్చింది. ఏం జదువుకోవాలె?” అని అడిగింది. ఏం చదవాలో పరీక్ష పెట్టినవాళ్లు ఎలాగూ చెప్పి ఉంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది చెబుదామని నోరు తెరిస్తే కోపం ముందుకొచ్చి మాట సరిగా రాలేదు. పిల్ల బెదిరిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. ఆదిలాబాద్‌లో కొన్నేళ్లు, కరీంనగర్‌లో చాలా ఏళ్లు కోర్టు ట్రాన్స్‌లేటర్‌గా చేశాను, అంతవరకు తెలిస్తే చాలు. నేను రాయబోయేది ఒక్క ఇంగ్లీషు మాట గురించి. ఆ మాట డాష్. రిటైరై ఇన్నాళ్లయినా అది చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మాట ఎక్కడిది

మాది లక్సెట్టిపేట దగ్గర ఊరు. మా బాపు పొలం పని చేసేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. మిషన్ బడిలో నాకు ఇంగ్లీషు చెప్పింది రూతమ్మ టీచర్. ఆమెకు ఒక పిచ్చి ఉండేది. ఏ వాక్యంలో క్రియ కనబడినా “ఎవరు? ఎవరిని?” అని అడిగేది. జవాబు రాకపోతే స్కేలు పెట్టి వేళ్ల మీద కొట్టేది. “స్కేలు పడ్డదా? ఎవరు కొట్టిన్రు? ఎవరిని కొట్టిన్రు? ఇప్పుడు చెప్పు వాక్యం” అనేది. అప్పట్లో ఆమె అంటే నాకు గిట్టేది కాదు. ఉద్యోగంలో చేరాక మాత్రం ఆ రెండు ప్రశ్నలే నన్ను నిలబెట్టాయి.

డాష్ అన్న మాట పుట్టింది కూడా దెబ్బలోంచే. ఇంగ్లండుకు ఈశాన్యాన సముద్రం అవతల ఉన్న దేశాల భాషల్లో దానికి చుట్టం లాంటి మాట ఉంది. చేత్తో ఫెడీమని కొట్టడం దాని అర్థం. అది ఇంగ్లీషులోకి వచ్చి కొన్ని వందల ఏళ్లయింది. మొదట గట్టిగా కొట్టడం, కొట్టి పగలగొట్టడం. తర్వాత కొట్టినంత వేగంగా దూసుకుపోవడం. నీళ్లనో బురదనో విసిరికొట్టినా డాషే. గుర్రపు బండి ముందు, గుర్రం డెక్కలు చిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా ఒక పలక బిగించేవాళ్లు, దాన్ని డాష్‌బోర్డు అన్నారు. గుర్రం పోయింది, బురద పోయింది, పేరు మాత్రం కారులోకీ లారీలోకీ వచ్చింది. కలంతో ఒక్క విసురున గీసే అడ్డగీతకూ ఆ పేరే పెట్టారు. చెప్పకూడని బూతుమాట ఉన్నచోట ఆ గీత గీయడం కూడా ఇంగ్లీషువాళ్లే నేర్పారు.

మనం ఆ గీతను బడిలో పట్టుకున్నాం. ఖాళీలు పూరించండి అన్నప్పుడు సారు “తెలంగాణ రాజధాని డాష్” అని చదివితే పిల్లలంతా “హైదరాబాద్” అని అరుస్తారు. వీధిలో ఎవరినైనా బూతు తిట్టబోయి “వాడొక డాష్‌గాడు” అని సరిపెట్టుకుంటాం. రోడ్డు మీదికొస్తే “బండికి డాష్ ఇచ్చిండు” అంటాం. అంటే ఈ ఒక్క మాటకు మన దగ్గర గుద్దడం అనే అర్థం ఉంది, ఖాళీ అనే అర్థం ఉంది, పైకి చెప్పకూడనిది అనే అర్థం కూడా ఉంది. నా ఉద్యోగంలో ఈ మూడూ కలిసి ఒకే కాగితంలోకి వచ్చేవి.

కర్త లేని వాక్యం

“లారీ డాష్ ఇచ్చింది” అంటే పేచీ లేదు. ఎవరు ఇచ్చారో ఉంది. మనవాళ్లు ఇంకోలా కూడా అంటారు. “బండికి లారీకి డాష్ అయింది.” పెండ్లి అయింది, పంచాయితీ అయింది అన్నట్టే డాష్ అయింది. ఎవరు చేశారన్న ఊసే ఉండదు. తెలుగులో ఆ వాక్యం హాయిగా నిలబడుతుంది. ఇంగ్లీషులో పెట్టాలంటే మాత్రం ఎవరో ఒకరు గుద్దాలి. ఎవరు గుద్దాలో తేల్చేది ఆ పూట అనువాదం చేసే మనిషి. ఆ మనిషికి ఇంటికి పోయే తొందర ఉంటే, చేతికి ముందు దొరికినవాడే గుద్దినవాడవుతాడు.

చచ్చిపోయినవాడు దొరికినంత సులువుగా ఇంకెవరూ దొరకరు. వాడు లేచి వచ్చి నేను గుద్దలేదని చెప్పడు గదా. చనిపోయిన మనిషినే ముద్దాయి చేసి, ముద్దాయి చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తున్నామని రాసిన కాగితాలు నేను ఎన్ని చూశానో. రాసినవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పేపర్లూ తక్కువ తినలేదు. “లారీ, బైకు ఢీ, ఒకరి మృతి” అని వేస్తారు. రెండు పొట్టేళ్లు ఢీకొన్నట్టు, ఇద్దరికీ సమానమైన ఉబలాటం ఉన్నట్టు.

కర్ర పట్టుకొని పరుగెత్తిన ముసలాయన

ఆదిలాబాద్‌లో నాతో పనిచేసిన ఒకాయనకు తన ఇంగ్లీషు మీద మహా మోజు. కాగజ్‌నగర్ వైపు ఒక ముసలాయన రోడ్డు దాటుతుంటే జీపు గుద్ది చంపింది. చూసినవాళ్లు “తాత రోడ్డు దాటుతుండె” అని చెప్పారు. మా వాడు దాన్ని ఇంగ్లీషులో ముసలాయన రోడ్డుకు అడ్డంగా డాష్ చేశాడని రాశాడు. అంటే మెరుపులా దూసుకెళ్లాడని. ఆ కాగితం చూసి ఆయన దగ్గరికి పోయి, “అన్నా, తాత కర్ర పట్టుకొని నడిచేటోడు. ఎట్ల ఉరికిండు?” అని అడిగాను.

“దాటిండు అంటే మరీ సప్పగ ఉన్నది సుగుణా. జర జోరు ఉండాలె గదా ఇంగ్లీషుల” అన్నాడు.

జోరు కోసం ఒక ముసలాయనను చచ్చాక పరుగెత్తించాడు. జీపు తరఫు వకీలు ఆ ఒక్క మాట పట్టుకొని, ఉన్నట్టుండి అడ్డం ఉరికితే డ్రైవర్ మాత్రం ఏం చేస్తాడని వాదించాడు. నేను మా సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి, దిద్దించండి సార్ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నీళ్లు నమిలాడు. “ఒకసారి సంతకమై పోయినాక మనకెందుకమ్మా పరేషాన్” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికి కష్టం వచ్చినా చేయి వేసే మనిషి. కానీ సంతకం పడ్డ కాగితం ఆయనకు దేవుడితో సమానం. ఇలాంటి మంచివాళ్ల కింద పనిచేయడం చెడ్డవాళ్ల కింద చేయడం కంటే కష్టం, ఎందుకంటే తిట్టుకోవడానికి కూడా వీలుండదు. దిద్దమన్నది రాతమూలకంగా పెట్టు, పెట్టి ఊరుకోకు, మళ్లీ అడుగు. అమ్మాయీ, ఇది నీకే చెబుతున్నాను.

ఆదిలాబాద్‌లోనే ఒక మంచి సంగతి కూడా నేర్చుకున్నాను. మహారాష్ట్ర అంచున ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన సాక్షులు “ట్రక్కు ధడక్ ఇచ్చింది సాబ్” అనేవాళ్లు. మరాఠీలో ధడక్ అంటే గుద్దడమే. వినడానికి డాష్ లాగే ఉంటుంది. వాళ్ల నోట మాత్రం ధడక్ ఇచ్చిందెవరో తప్పకుండా వచ్చేది. ఇవ్వడం అన్నాక ఇచ్చేవాడు ఉండక తప్పదు. అప్పటి నుంచి “అయింది” అన్న మాట వినబడగానే నా చెవులు నిక్కబొడుచుకునేవి.

మక్క కంకుల లచ్చవ్వ

ఇక అసలు సంగతి. నేను కరీంనగర్ కోర్టులో ఉండగా జరిగింది. పేర్లు మార్చాను.

ఖాజా మియా మెట్‌పల్లిలో టైలర్. ఒక బడి పిల్లలకు యూనిఫారాలు కుట్టి, మూట కట్టి, మోపెడ్ వెనక పెట్టుకొని ఇవ్వడానికి పోతుండగా దారిలో ఇసుక లారీ తగిలి చనిపోయాడు. కేసు కాగితాల్లో మాత్రం మోపెడే పోయి లారీకి డాష్ ఇచ్చిందని ఉంది. ఊళ్లో కూడా అదే మాట స్థిరపడింది. దర్జీ ఖాజా పిచ్చి స్పీడుతో పోయి లారీకి గుద్దుకున్నాడట అని.

అతని భార్య షహనాజ్ నష్టపరిహారం కోసం కేసు వేసింది. ఆమెతో పాటు ప్రతి వాయిదాకూ అతని తల్లి మహబూబ్‌బీ వచ్చేది. ముసలామె, చెవుడు. కోర్టు హాల్లో కూర్చుంటే ఏమీ వినబడదు, అయినా వచ్చేది. ఎందుకొస్తావమ్మా అని ఒకసారి నేనే అడిగాను. షహనాజ్ జవాబు చెప్పింది.

“మా ఆయన సైకిల్ మీదనే తిరిగేటోడు మేడం. మోకాళ్లు నొస్తున్నయని ఈమెనే జబర్దస్తీ బండి కొనిపిచ్చింది. గిప్పుడు స్పీడుల వోయి గుద్దుకున్నడని అందరంటుంటే, ‘బండి కొనిపిచ్చి నేనే చంపుకున్న’ అంటది. అన్నం సరిగ తింటలేదు. గుద్దింది ఎవరో కోర్టుల తేలుతదని వస్తది.”

అంటే ఆ ముసలామె కొడుకు మీద పడ్డ నింద పోతుందేమోనని వస్తోంది. ఆ నింద పోతేగాని తన మీద తాను వేసుకున్నది పోదు. నాకు ఆ కేసులో అంతకు మించి ఏదీ ముఖ్యంగా కనబడలేదు.

సంఘటన చూసిన సాక్షి ఒక్కతే. రోడ్డు పక్కన నిప్పుల మీద మక్క కంకులు కాల్చి అమ్మే లచ్చవ్వ. పోలీసులకు ఆమె చెప్పిన తెలుగు మాట “బండికి లారీకి డాష్ అయింది” అనే. అక్కడి నుంచే ఎవరో ఇంగ్లీషులోకి దించి, బండిని గుద్దినదాన్ని చేశారు.

ఆమె సాక్ష్యం చెప్పే రోజు జడ్జిగారు నన్ను పిలిపించారు. ఆయన హైదరాబాద్‌లో ఇంగ్లీషు చదువులు చదువుకున్న మనిషి. మా పల్లెల మాట ఆయనకు సగం అందేది కాదు.

“ఏం చూశావమ్మా?” అని అడిగారు.

“ఏం జూసుడు సారూ. కంకులు కాలుస్తున్న. లారీ వస్తున్న సప్పుడైంది. తలెత్తి జూసిన. బండికి లారీకి డాష్ అయింది.”

లారీ ఇన్సూరెన్సు తరఫు వకీలు వెంటనే లేచాడు. “చూశారా సార్, మోపెడ్ లారీని గుద్దిందని సాక్షే చెబుతోంది. నమోదు చేయించండి.”

జడ్జిగారు నా వైపు చూశారు. “బండికీ లారీకీ మధ్య దెబ్బ తగిలింది అంటోంది సార్. ఎవరు తగిలించారన్నది ఆ మాటలో లేదు” అన్నాను.

“ఎందుకు లేదు? ముందు బండి అన్నది కదా, తర్వాత లారీ అన్నది” అన్నాడు వకీలు.

ముందు పేరొచ్చినవాడే గుద్దినవాడట. అంత చదువు చదివి, నల్లకోటు వేసుకొని, ఇంత మాట అన్నాడు. రూతమ్మ టీచర్ ఉంటే స్కేలు విరిగేది. “ఎవరు గుద్దారో ఆమెనే అడిగితే తేలుతుంది సార్” అన్నాను.

“మేడం, మీరు వకీలు కాదు. చెప్పింది చెప్పండి, అంతే” అన్నారు జడ్జిగారు మొహం మాడ్చుకుని. షహనాజ్ తరఫు వకీలు కుర్రాడు. ఆ ప్రశ్న అడగాల్సింది అతను. అతను ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. నేను అతని వైపు గుడ్లురిమి చూసినా తల ఎత్తలేదు. చివరికి జడ్జిగారికే ఏమనిపించిందో, ఆయనే అడిగారు. “లారీ గుద్దిందా, బండి గుద్దిందా? సరిగ్గా చెప్పు.”

లచ్చవ్వ హాల్లో వెనక బెంచీ వైపు చూసింది. అక్కడ తెల్ల చొక్కా వేసుకున్న ఒకతను కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ ఇసుక లారీ ఓనర్ తమ్ముడని తర్వాత తెలిసింది. లచ్చవ్వ కంకులు కాల్చుకునేది వాళ్ల జాగా ముందరే.

“డాష్ అయింది సారూ. నేను జెప్పేది గంతే” అంది.

అప్పుడు నాకు అర్థమైంది. నేను అంతవరకూ అనువాదం చెడగొట్టారని కోపంగా ఉన్నాను. చెడగొట్టారు, నిజమే. కానీ లచ్చవ్వ ఆ మాటను తెలియక వాడలేదు. గుద్దినవాడి పేరు నోటికి రాకుండా నిజం చెప్పడానికి ఆమెకు మిగిలిన మాట అదొక్కటే. లారీ గుద్దింది అంటే పొయ్యి పోతుంది. బండి గుద్దింది అంటే అబద్ధం. ఆమె అబద్ధం చెప్పలేదు. డాష్ అయింది అంది. మిగతా ఖాళీని పూరించింది చదువుకున్నవాళ్లు.

వరండాలో

మధ్యాహ్నం కోర్టు లేచాక నేను వరండాలోకి వచ్చాను. గోడకు ఆనించిన బెంచీ మీద షహనాజ్, మహబూబ్‌బీ కూర్చున్నారు. లచ్చవ్వ కొంగు తల మీదికి లాక్కుని దించిన కళ్లు ఎత్తకుండా వాళ్ల ముందు నుంచే పోబోయింది. షహనాజ్ లేచి ఆమె చేయి పట్టుకుంది. కొట్లాట అవుతుందనుకుని నేను దగ్గరికి వెళ్లాను.

“అవ్వా, లోపట జెప్పకుంటె జెప్పకపోతివి. నీ బాధ నీకుంటది. నేనేమనను. బండి కొనిపిచ్చిన పాపమని మా అత్త అన్నం తింటలేదు, ఆమెకొక్కదానికి జెప్పు. ఆయన స్పీడుల వోయి గుద్దిండా?”

లచ్చవ్వ నేల చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు, “లారోడే గుద్దిండు బిడ్డా” అంది.

మహబూబ్‌బీ చెవికి చేయి అడ్డం పెట్టుకుని “క్యా బోలీ?” అని కోడలిని అడిగింది.

షహనాజ్ చెప్పొచ్చు. చెప్పలేదు. “నేను జెప్తె నమ్మదవ్వా, మొగని మీది పావురంతోని, ప్రేమతోని చెప్తున్ననంటది. నువ్వే జెప్పు. ఆమెకు చెవుడు. జర గట్టిగ జెప్పాలె” అంది.

ఆ తెల్ల చొక్కా మనిషి ఎంతో దూరంలో లేడు. క్యాంటీన్ దగ్గర చాయ్ తాగుతున్నాడు. లచ్చవ్వ అతని వైపు చూసింది. మహబూబ్‌బీ వైపు చూసింది. ముసలామె ఇంకా చెవి దగ్గర చేయి తీయలేదు. చెప్పమని అనే హక్కు నాకు లేదు, వద్దనే మనసూ రాలేదు.

లచ్చవ్వ ఆమె ముందు గొంతుక్కూర్చుని, పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచినంత గట్టిగా చెప్పింది.

“లారోడు గుద్దిండక్కా. నీ కొడుకు ఎడమ దిక్కు నిమ్మలంగ వోతుండె. ఎన్క బట్టల మూట ఉండె. లారోడు ఎన్కనుంచొచ్చి గుద్దిండు. నీ కొడుకు గుద్దలే. నీ బండి గుద్దలే.”

వరండా అంతా వినబడింది. ఇన్సూరెన్సు వకీలు విన్నాడు. తెల్ల చొక్కా మనిషి చాయ్ గ్లాసు పెట్టేసి చూస్తూ ఉండిపోయాడు. నా ఉద్యోగంలో నేను విన్న సాక్ష్యాలన్నిటిలో అంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. ఎవరు గుద్దారో ఉంది, ఎవరిని గుద్దారో ఉంది, ఎటు నుంచి వచ్చారో ఉంది. అది అనువాదం చేయమని నన్ను ఎవరూ అడగలేదు. మహబూబ్‌బీ లచ్చవ్వ తల మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కోపంతో ఏడ్చాను.

తీర్పు

ఆ కుర్ర వకీలును నేనే పట్టుకుని కదిలించాను. లచ్చవ్వను మళ్లీ పిలిపించమని దరఖాస్తు వేయించాను. నేను స్వయంగా విన్నానని జడ్జిగారికి చెప్పాను. “వరండాలో మాటలు సాక్ష్యం కావు మేడం. మీరు మీ పని చూసుకోండి” అన్నారు ఆయన. దరఖాస్తు కొట్టేశారు. ఉద్యోగికి ఇలాంటి జోక్యం తగదని మా ఆఫీసు నుంచి నాకు తాఖీదు వచ్చింది. నా పని నేను చూసుకోవడమే అది అని జవాబు రాశాను. ఈ రోజుకీ అదే అంటాను.

తీర్పు ఏమొచ్చిందంటే, ఎవరు ఎవరిని గుద్దారో సాక్షి స్పష్టంగా చెప్పలేదు కాబట్టి తప్పు చెరి సగం. బట్టల మూట పెట్టుకుని ఎడమ పక్కన మెల్లగా పోతున్న మనిషికి తన చావులో సగం వాటా రాశారు. జడ్జిగారు సంతకం చేసి చేతులు దులుపుకుని లంచ్‌కు వెళ్లిపోయారు. మక్క కంకుల కాలం మళ్లీ వచ్చినప్పుడు నేను ఆ దారిన బస్సులో పోతూ చూశాను. ఆ జాగా ముందర లచ్చవ్వ పొయ్యి లేదు. ఎక్కడికి పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ ఖాళీ చోటు చూసినప్పుడు పట్టిన కోపం నాకు ఇప్పటికీ దిగలేదు, దిగకూడదని కూడా అనుకుంటున్నాను.

తీర్పు చేతికొచ్చిన రోజే ఆ కాగితం పట్టుకుని అత్తా కోడళ్లు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. దాంట్లో ఏముందో తెలుగులో చెప్పమన్నారు. నేను మహబూబ్‌బీ చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు చెరి సగం అన్నారమ్మా అని.

ఆమె కోప్పడలేదు. “గా కంకులామె జెప్పింది గదా. అది ఇంగిలీషుల రాసిన్రా?” అని అడిగింది.

“లేదమ్మా.”

“మరి నీకు రాసుడొస్తది గదా. నువ్వు విన్నవు గదా. నువ్వు రాయి.”

అప్పుడు నా చేతిలో ఉన్నవన్నీ కోర్టు కాగితాలు. వాటి మీద రాయడానికి నాకు హక్కు లేదు. ఈ కాగితం నాది.

ఇసుక లారీ డ్రైవర్ వెనక నుంచి వచ్చి ఖాజా మియాను గుద్ది చంపాడు. ఖాజా మియా ఎవరినీ గుద్దలేదు. అతని తల్లి కొనిచ్చిన బండి ఎవరినీ గుద్దలేదు.